స్పంజిక చేయు ఎరువు లెక్క

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు పేరులోనే ప్రత్తి కలదు. ఆ చుట్టుపట్ల నల్లరేగడి భూములలో ప్రత్తి, మిరప పండించు రైతునకు ఒక సత్యమును ఎవరును బోధింప నక్కరలేదు. పొలమునుండి పోయినది పొలమునకు తిరిగి రావలెను. మిరప బస్తాలు గుంటూరు చేరినప్పుడు వానితోపాటు నేలలోని నత్రజని, భాస్వరము కొంత బండి యెక్కి పోవుచున్నవి. ఆ లోటు పూడ్చుటకే పెంటపోగు, ఎరువు బస్తా, గొర్రెల మంద. పంట తీసిన పొలములో గొర్రెలను కట్టినచో అవి మోళ్లను, కలుపును, రాలిన ఆకును మేసి, రాత్రికి అక్కడనే పెంటికలు వేయును. గొర్రె ఎరువును శూన్యమునుండి పుట్టించుట లేదు. నేలకు వెంటనే అక్కరకు రాని పదార్థమును అక్కరకు వచ్చునట్లు మార్చి యిచ్చుచున్నది.

ఇట్టి పనినే సముద్రగర్భమున చేయు జంతువు ఒకటి కలదు. అది నడవదు. దానికి నోరు లేదు, కడుపు లేదు, నరములు లేవు. చాలకాలము పండితులు సైతము దానిని మొక్క యనియే తలచిరి. అదియే స్పంజిక. గాజుతొట్టిలో ఉప్పునీరు పోసి, ఇంటిలోనే చిన్న పగడపు దిబ్బను నిలుపవలెనని యత్నించువారికి ఈ జంతువు పెద్ద పరీక్ష పెట్టుచున్నది. ఆ పరీక్ష యేమో తెలిసికొన్నచో, సముద్రము సంగతియే కాక ఊరి చెరువు సంగతియు బోధపడును.

ఎరువు లేని కడలిలో పంట

మన దేశమున పగడపు దిబ్బలు మన్నార్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాన్ నికోబార్ దీవులు, కచ్ సింధుశాఖ మొదలగు చోట్ల కలవు. ప్రత్తిపాటినుండి నేరుగా కొలిచినచో సుమారు 40 కిలోమీటర్ల దూరమున బాపట్ల చెంత సూర్యలంక వద్ద బంగాళాఖాతము తగులును. కాని ఆ తీరమున పగడపు దిబ్బలు లేవు. కృష్ణానది తెచ్చు ఒండ్రు, మంచినీరు అచ్చటి సముద్రమును మసకబరచుచున్నవి. దిబ్బ కట్టు పగడపు జీవులకు వెలుగు చొచ్చుకొనిపోవు తేట నీరు కావలెను.

ఆ తేటదనములోనే చిక్కు ఉన్నది. నీరు తేటగా ఉన్నదనగా దానిలో ఎరువు మిక్కిలి తక్కువ యని అర్థము. ఎరువు ఉన్నచో సూక్ష్మమైన నాచు పెరిగి నీరు పచ్చబడును. కావున ఉష్ణమండలపు నీలి సముద్రము ఒక విధముగా ఎడారి. ఆ ఎడారి నడుమ పగడపు దిబ్బ చేపలతో, పీతలతో, నత్తలతో కళకళలాడుచుండును. చార్లెస్ డార్విన్ 1836లో హిందూ మహాసముద్రములోని కోకోస్ దీవుల దిబ్బలను చూచి, 1842లో పగడపు దిబ్బలపై గ్రంథము ప్రకటించెను. బీడునీటిలో ఇంత పంట యెట్లు అను ప్రశ్న తరువాతి కాలమున ఆయన పేరనే పిలువబడుచున్నది.

సమాధానములో ఒక భాగము పగడపు జీవి దేహములోనే కలదు. దాని కణములలో నివసించు సూక్ష్మమైన నాచు సూర్యరశ్మితో చక్కెరలు తయారు చేసి ఆతిథేయికి ఇచ్చును. ఆతిథేయి విసర్జించు అమ్మోనియాను తాను గ్రహించును. కాని పగడపు జీవులును, దిబ్బపై పెరుగు నాచులును తాము తయారు చేసిన ఆహారమునంతను దాచుకొనలేవు. దానిలో సగము వరకు జిగురుగాను, కరగిన సేంద్రియ పదార్థముగాను నీటిలో కలసిపోవును. కరగిన చక్కెరను చేప మేయలేదు, నత్త గీకలేదు. అది ప్రవాహముతో కొట్టుకొనిపోయినచో దిబ్బకు నష్టమే. దానిని పట్టి నిలుపునది ఎవరు? బాక్టీరియా కొంత పట్టును. అంతకంటె పెద్ద పాలు స్పంజికలదని 21వ శతాబ్దమున తేలినది.

నీటిని వడపోయు దేహము

1825లో ఎడిన్‌బరోకు చెందిన రాబర్ట్ గ్రాంట్ బ్రతికియున్న స్పంజికను నీటిలో నుంచి పరిశీలించెను. దాని పెద్ద రంధ్రములనుండి నీరు ఎడతెగక ధారగా వెలువడుట ఆయన కంటబడినది. ఆ ధారయే అది జంతువని తెలుపు గట్టి సాక్ష్యమైనది. రంధ్రములు గలది అను అర్థముతో ఈ జంతువర్గమునకు పొరిఫెరా అను పేరు స్థిరపడినది.

స్పంజిక దేహమంతయు కంటికి ఆనని చిన్న రంధ్రములతో నిండియుండును. వానిగుండ నీరు లోనికి ప్రవేశించి, సన్నని కాలువల వెంట గదులలోనికి పోయి, చివరకు పెద్ద రంధ్రముగుండ బయటకు వచ్చును. గదుల గోడలకు కాలరు కణములు అంటియుండును. ఒక్కొక్క కణమునకు కొరడావంటి తోక, దాని చుట్టు జల్లెడవంటి కాలరు ఉండును. తోకలు కొట్టుకొనుటచే నీరు కదలును. జల్లెడలో బాక్టీరియా వంటి అతిసూక్ష్మ జీవులు చిక్కుకొనును. ఈ విధముగా ఒక స్పంజిక ఒక్క దినములో తన దేహ పరిమాణమునకు వేల రెట్లు నీటిని వడపోయగలదు. నీరెత్తు గూడల వరుస వంటి ఈ యేర్పాటులో ఆజ్ఞాపించు మెదడు లేదు. ప్రతి కణము తన కొరడాను తానే ఆడించుచుండును.

ఈ కణముల స్వాతంత్ర్యమును 1907లో అమెరికా శాస్త్రవేత్త హెచ్. వి. విల్సన్ అద్భుతముగా చూపెను. ఆయన ఒక స్పంజికను సన్నని పట్టుగుడ్డగుండ పిండి విడివిడి కణములుగా చేసెను. ఆ కణములు నీటి అడుగున ప్రాకి ఒకదానినొకటి చేరుకొని మరల స్పంజికలైనవి.

మన తీరపు స్పంజికలకును మంచి చరిత్ర కలదు. గుంటూరు ప్రాంతము మద్రాసు రాజధానిలో భాగమై యున్న కాలమున, మద్రాసు మ్యూజియము అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ సేకరించిన స్పంజికలను ఆర్థర్ డెండీ పరిశీలించి 1880ల చివర వర్ణించెను. మన్నార్ సింధుశాఖ స్పంజికలను గురించిన తొలి శాస్త్రీయ వర్ణనలలో అవి ముఖ్యమైనవి.

కరగిన ఆహారము, రాలిన కణము

కరిబియన్ సముద్రములోని కురసావ్ దీవి వద్ద దిబ్బ సందులలో హాలిసార్కా సెరూలియా అను పలుచని స్పంజిక పెరుగును. అది దినమునకు తన దేహములోని కర్బనములో సుమారు మూడింట రెండువంతులకు సమమైన కర్బనమును నీటినుండి గ్రహించునని కొలతలలో తేలినది. దానిలో చాలభాగము కరగిన పదార్థమే. అంత తినునది దినదినము ఉబ్బవలెను గదా! కాని అది పెరుగుట కనబడదు. తిన్నది యేమైనది?

జాస్పర్ డి గోయ్, ఆయన సహచరులు ఈ చిక్కును విడదీసిరి. ఆ స్పంజిక కాలరు కణములు ఐదారు గంటలకే ఒకసారి విభజన చెందుచున్నవి. జంతుప్రపంచమున ఇది మిక్కిలి వేగము. క్రొత్త కణములు పుట్టినంత త్వరగా పాత కణములు రాలి నీటిలోనికి పోవుచున్నవి. అనగా కరగియున్న చక్కెర స్పంజిక దేహముగుండ నడచి, కంటికి కనబడు నలుసుగా బయటకు వచ్చుచున్నది. 2013లో వారు ప్రకటించిన పరిశోధనలో కర్బనము 13, నత్రజని 15 అను బరువైన ఐసోటోపులను గుర్తులుగా వాడిరి. గుర్తు పెట్టిన కరగిన ఆహారము మొదట స్పంజికలోను, పిదప అది రాల్చిన నలుసులలోను, ఆ వెనుక నలుసులను తిను చిన్న జంతువులలోను కనబడినది. ఈ మార్గముగుండ నడచు పదార్థము దిబ్బపై జరుగు మొత్తము ప్రాథమిక ఉత్పత్తికి దాపుగా వచ్చునని వారి అంచనా. దీనినే స్పంజిక వలయము అనుచున్నారు.

పొలములో కట్టిన గొర్రె ఇచ్చట జ్ఞప్తికి రాక మానదు. ఇతరులు తినలేని దానిని తిని, తినదగిన దానిగా వదలుట రెంటికిని సమానమే. అయితే స్పంజికలన్నియు ఒకే తీరున ఈ పని చేయవు. కొన్ని పెద్ద స్పంజికలు తమ దేహములో అసంఖ్యాకముగా బాక్టీరియాను పోషించి, గ్రహించిన దానిని పెరుగుదలకో, ఊపిరికో వాడుకొనును. పలుచగా పరచుకొని చీకటి సందులలో పెరుగునవే వలయమున గొప్ప పనివారు.

గాజుతొట్టిలో లెక్క

ఇప్పుడు 200 లీటర్ల గాజుతొట్టిని తీసికొందము. అందులోని చేపలకు దినమునకు 1 గ్రాము పొడి మేత వేయుచున్నారనుకొందము. మేతలో 45 శాతము మాంసకృత్తులు ఉన్నచో, మాంసకృత్తులలో సుమారు 16 శాతము నత్రజని కావున, దినమునకు 72 మిల్లీగ్రాముల నత్రజని తొట్టిలో ప్రవేశించును. లీటరునకు 0.36 మిల్లీగ్రాము. ఇది చాల స్వల్పముగా తోచును. కాని ఏ మార్గమునను బయటకు పోనిచో 30 దినములకు లీటరునకు 10.8 మిల్లీగ్రాములగును. ఆ నత్రజని అంతయు నైట్రేటుగా మారినచో, ఆ నైట్రేటు బరువు లీటరునకు సుమారు 48 మిల్లీగ్రాములు. పగడపు దిబ్బ నీటిలో నైట్రేటు సాధారణముగా లీటరునకు ఒక మిల్లీగ్రాములో పదవవంతును మించదు. కొంత నత్రజని చేపల దేహములో నిలుచునన్నను, పెరుగుదల ఏ దిక్కునకో లెక్క చెప్పుచున్నది.

తొట్టిలో ఈ నత్రజని పలు వేషములు మార్చును. చేప విసర్జించునది అమ్మోనియా. అది విషము. రాళ్లపై, ఇసుకపై నివసించు నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా దానిని నైట్రైటుగాను, నైట్రోస్పైరా వంటివి నైట్రైటును నైట్రేటుగాను మార్చును. నేలలో జరుగు ఇట్టి మార్పు బాక్టీరియా పనియని రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ 1890లో నిరూపించెను. ప్రత్తి చేనులోను, గాజుతొట్టిలోను జరుగునది ఒకే రసాయన క్రియ. రంధ్రములుగల రాతి లోపల ప్రాణవాయువు అందని చోట మరొక జాతి బాక్టీరియా నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోనికి విడుచును. భాస్వరమునకు మాత్రము వాయురూపమున పోవు ఇట్టి దారి లేదు.

ఇచ్చట పలువురు పొరబడుదురు. స్పంజికను తెచ్చి తొట్టిలో నుంచినచో అది మురికినంతను తినివేయునని తలంతురు. స్పంజిక ఎరువును త్రిప్పును గాని తీసివేయదు. కరగినది నలుసగును, నలుసు నత్తకు ఆహారమగును, నత్త విసర్జనము మరల నీటిలో కరగును. వలయము ఎంత చక్కగా తిరిగినను, దినమునకు 72 మిల్లీగ్రాములు లోనికి వచ్చుచుండగా బయటకు పోవు దారి వేరుగా ఉండి తీరవలెను. పొలమునుండి బస్తాలు బయలుదేరినట్లే తొట్టినుండియు ఏదో ఒక పంట తీయవలెను. పెరిగిన నాచును కోసి తీసివేయుట ఒక మార్గము. అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థ శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ నాచు పెంచు పలకలతో దిబ్బ నమూనాలను నడపి ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చెను. కొంత నీటిని మార్చుట మరొక మార్గము. గాలిబుడగలతో నురుగు పుట్టించి, దానికి అంటిన సేంద్రియ పదార్థమును తోడివేయు యంత్రము మూడవది. కాని ఆ యంత్రము తోడివేయునది స్పంజికకు కావలసిన ఆహారమే. నురుగు యంత్రమును అతిగా నడపి, స్పంజిక ఎందుకు కృశించుచున్నదని విచారించుట, మేతను అమ్మివేసి గొర్రె యేల చిక్కినదని అడుగుట వంటిది.

నిలుపుటలోని కష్టములు

1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ జీవులతో నిండిన సముద్రపు రాళ్లు, వెలుగు, గాలిబుడగలు మాత్రమే ఆధారముగా ఉప్పునీటి తొట్టెలను నడుపు పద్ధతిని ప్రకటించెను. అట్టి తొట్టెలలో రాళ్ల అడుగున, గొట్టముల లోపల స్పంజికలు తమంతట తామే పెరుగుట సామాన్యము. బలవంతమున తెచ్చి పెట్టిన పెద్ద రంగుల స్పంజికలు మాత్రము తరచుగా కొన్ని నెలలకు చచ్చును. కారణములు తెలిసినవే.

మొదటిది ఆకలి. వాని ఆహారము అతిసూక్ష్మము. చేపమేత నలుసులు వాని రంధ్రములలో పట్టవు. ఆకలిగొన్న స్పంజిక ఒక్కసారిగా చావదు. నెలల తరబడి కొద్దికొద్దిగా కుదించుకొనిపోవును. అందుచే యజమాని పసిగట్టలేడు. రెండవది గాలి. నీటినుండి పైకి తీసినచో అనేక జాతుల కాలువలలో గాలి చిక్కుకొని, నీరు ప్రవహించక, ఆ భాగము కుళ్లును. తొట్టినుండి తొట్టికి మార్చునప్పుడు సైతము నీటి అడుగుననే పాత్రలోనికి తీసికొనవలెను. మూడవది మన్ను. సూర్యలంక నీటిని బిందెలతో తెచ్చి పోసినచో అందలి ఒండ్రు రంధ్రములను పూడ్చును. నాల్గవది సిలికా. అనేక స్పంజికల అస్థిపంజరము సిలికా సూదులతో ఏర్పడును. నాచునకు భయపడి నీటిలో సిలికా బొత్తిగా లేకుండ చేసినచో ఆ సూదులు కట్టుటకు సామగ్రి దొరకదు.

ఊరి పరిస్థితులు మరికొన్ని కలుపును. ప్రత్తిపాటి వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. దిబ్బ తొట్టికి కావలసినది 25 నుండి 27 డిగ్రీలు. ఎండకు నీరు ఆవిరియగును గాని ఉప్పు పోదు. కావున తరిగినంత మేర మంచినీరే పోయవలెను, ఉప్పునీరు కాదు. నీటి ఉప్పదనము కిలోగ్రామునకు సుమారు 35 గ్రాములు. 200 లీటర్లకు దాదాపు 7 కిలోగ్రాముల సముద్రలవణ మిశ్రమము పట్టును. వంటయుప్పు పనికిరాదు, అందులో కాల్షియము, మెగ్నీషియము తగినంత లేవు. నైట్రేటు చేరిన బోరు నీరు వాడినచో మేత వేయకముందే తొట్టిలో ఎరువు వేసినట్లగును. కరెంటు పోయి నీటి కదలిక ఆగినచో ప్రాణవాయువు తరిగి, చేపలతోపాటు స్పంజికకును ముప్పు. చచ్చిన స్పంజికను వెంటనే తీయనిచో అది కుళ్లి, అమ్మోనియా పెరిగి, ఒక్క రాత్రిలో తొట్టియంతయు నశింపవచ్చును. పట్టునప్పుడు చేతికి తొడుగు ఉండవలెను. కొన్నిటి సూదులు, విషములు చర్మమును మండించును.

అన్నిటికంటె పెద్ద అడ్డు న్యాయమైనదే. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 నాటిది. 2001లో దిబ్బ కట్టు పగడపు జీవులను, సున్నపు సూదులు గల స్పంజికలన్నిటిని దాని రక్షిత జాబితాలలో చేర్చిరి. వానిని అనుమతి లేక సేకరించుట, అమ్ముట నేరము. సముద్రపు దిబ్బను విరిచి ఇంటి దిబ్బను కట్టుట తగదు. పాఠశాలకు అట్టి తొట్టి అవసరమును లేదు.

ఊరి చెరువులో స్పంజిక

స్పంజికను చూచుటకు సముద్రమునకు పోనక్కరలేదు. మంచినీటిలోను స్పంజికలు కలవు. బొంబాయిలో వైద్యుడుగా పనిచేసిన హెన్రీ జాన్ కార్టర్ అచ్చటి చెరువుల స్పంజికలను 1849లో వర్ణించెను. యునేపియస్ కార్టెరి అను మన దేశపు స్పంజిక ఆయన పేరనే ఉన్నది. నెల్సన్ అనండేల్ 1911లో భారతదేశపు మంచినీటి స్పంజికలపై సమగ్ర గ్రంథము వెలువరించెను.

చెరువు మెట్ల రాళ్ల అడుగున, మునిగియున్న కొయ్యలపై, కాలువ తూముల గోడలపై బూడిద, గోధుమ, లేక ఆకుపచ్చ రంగు గల పెచ్చుగా వీనిని వెదకవలెను. పాచి చేతికి జారును. స్పంజిక గరగరలాడును, చిన్న రంధ్రములు కనబడును. వేసవిలో చెరువు ఎండినప్పుడు దేహము చచ్చినను, గసగసాల వంటి గుళికలు మిగులును. వీనిని జెమ్యూలులు అందురు. గట్టి పొరలో దాగిన కణములు ఎండను ఓర్చి, వానలు పడగానే మరల స్పంజికగా పెరుగును. రేగడి నేలలోని విత్తనమువలె అవి అదను కొరకు వేచియుండును.

ఉపాధ్యాయులు చేయించదగిన ప్రయోగములు రెండు. రెండు గాజుజాడీలలో పచ్చబారిన చెరువు నీటిని సమముగా పోసి, ఒకదానిలో స్పంజిక అంటియున్న చిన్న రాతిని, రెండవదానిలో అంతే రాతిని స్పంజిక లేకుండ ఉంచవలెను. నీడలో మూడు నాలుగు గంటలు కదల్చక ఉంచి, రెండు జాడీల వెనుక అచ్చు కాగితము పెట్టి ఏది స్పష్టముగా చదువబడునో చూడవలెను. పిదప ఆ రాతిని చెరువులో తీసిన చోటనే ఉంచవలెను. రెండవ ప్రయోగమునకు, ఎండిన చెరువునుండి జెమ్యూలులు గల పెచ్చును తెచ్చి, కాచి చల్లార్చిన వాననీటిలో వేసి, భూతద్దముతో ప్రతిదినము చూచుచుండవలెను. అనుకూలమైనచో కొలది దినములలో గుళికనుండి తెల్లని చిన్న ముద్ద వెలువడును. ఎండిన పెచ్చుపై నిమ్మరసపు చుక్క వేసినను పొంగదు. దాని సూదులు సున్నము కావని, సిలికావని దీనివలన గ్రహింపవచ్చును.

ఈ జాడీలో విద్యార్థి చూచునది చెరువునంతకును వర్తించును. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో అనేక గ్రామముల త్రాగునీటి చెరువులు కాలువ నీటితో నింపబడుచున్నవి. మిరప చేలకు మోతాదు మించి వేసిన యూరియా వానకు కొట్టుకొనివచ్చి చెరువున చేరినచో, తొట్టిలో మేత ఎక్కువైనట్లే. నాచు పెరిగి నీరు పచ్చబడును. రాత్రివేళ ఆ నాచు ఊపిరికే ప్రాణవాయువు చాలక, తెల్లవారునప్పటికి చేపలు తేలును. మెట్ల అడుగు స్పంజికలు ఎంత వడపోసినను వచ్చు ఎరువు ఆగనిచో నీరు బాగుపడదు. రైతు తన చేనికి ఎంత పోయవలెనో లెక్క చూచుకొనును. చెరువులోనికి ఎంత పోవుచున్నదో ఆ లెక్కయు చూడవలెను. చేనిలో నిలిచిన యూరియా పంట యగును; చెరువు చేరినచో రైతునకు డబ్బు దండుగ, ఊరికి నీరు దండుగ.